తుపాకీకి రాయెందుకండీ?

సంపాదకుల వారికి,

మొన్న మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. బల్ల మీద నాలుగు తుపాకులు, వెనక నిలబడ్డ పోలీసులు, కింద 'నాటు తుపాకులు స్వాధీనం' అని. మొదటి మూడింటితో నాకు పేచీ లేదు. నీళ్ళ పైపు ముక్కకి కర్ర బిగించిన సరుకది, పేలిస్తే ముందు పోయేది పేల్చినవాడి మొహమే. కుడి చివరి నాలుగోదాన్ని మాత్రం భూతద్దం పెట్టి చూశాను. దాని గుర్రం నోట్లో, అంటే మీట నొక్కితే ముందుకి దూకే ముక్క కొసన, రాయి ఉంది. అది చెకుముకి తుపాకీ, రాతి రవ్వతో పేలేది. అలాంటిది మా ఇంట్లోనూ ఒకటుంది, లైసెన్సుతోనే లెండి. అందుకే ఈ ఉత్తరం.

మాది ముత్తాతగారు చేయించారని ఇంట్లో మాట. గొట్టమే మూడున్నర అడుగులుంటుంది. ఎర్రగా కాల్చిన ఇనుప పట్టీని కడ్డీకి చుట్టి, అంచులు ఒకటయ్యేదాకా సమ్మెటతో సాగగొట్టాడు మా కమ్మరి. సాయంత్రపుటెండ ఏటవాలుగా పడేలా పట్టుకుంటే అడుగున ఆ అతుకు వెంట్రుకంత గీతలా కనబడుతుంది. లోపల రైఫిల్‌కుండే మెలికల గాట్లు ఉండవు, అంతా నునుపే. గాట్లున్నది ఒక్క గుండుని సూటిగా పంపడానికి. నునుపు గొట్టంలో సీసపు రవ్వలు పోస్తే చెదిరి వెళతాయి, ఎగిరే పిట్టకి ఇదే పనికొస్తుంది. కర్ర జిట్రేగి, మన్యం నుంచి తెప్పించిందట. చెంప ఆనే చోట ఆ వడ్రంగి ఒక మామిడి పిందె చెక్కాడు. ఎవరూ చెక్కమని ఉండరు. మూడు తరాల చెంపలు తగిలి ఇప్పుడది సగం అరిగిపోయింది.

గుర్రమూ దాని కింది పలకా మాత్రం మా ఊరి పని కాదు, ఏదో ఇంగ్లీషు సిపాయి తుపాకీ నుంచి ఊడదీసినవి. ఇంజరంలోనూ మాధవాయపాలెంలోనూ ఈస్టిండియా కుంఫిణీ వాళ్ళు కొట్లు పెట్టుకుని కూర్చున్న సీమ ఇది, అలాంటి ఇనుము చేతులు మారడం వింతేం కాదు. మీట నొక్కితే గుర్రం ముందుకి దూకుతుంది. తోలుముక్కలో బిగించిన రాయి ఎదుటి ఉక్కురేకుని గీరుతుంది. ఆ దెబ్బకే రేకు ముందుకి వాలి కిందున్న గిన్నె తెరుచుకుంటుంది, రవ్వలు అందులోని రంజకం, అంటే నిప్పంటించే మెత్తటి మందు, మీద పడతాయి, మంట సన్నటి బెజ్జంలోంచి గొట్టంలోకి పాకుతుంది. రాయాలంటే ఇంతసేపు పట్టింది గానీ జరగడానికి రెప్పపాటు చాలు. 1840ల్లో ఇంగ్లీషు సైన్యం రాయి వదిలి, దెబ్బ తగిలితే నిప్పు రాజుకునే మందున్న చిన్న లోహపు టోపీలకి మళ్ళింది. పల్లెల్లో ఆ తర్వాత కూడా రాయే నడిచింది. టోపీ కొనుక్కోవాలి, రాయి ఏరుకోవచ్చు.

ఏరుకోవచ్చన్నాను గానీ మన కోనసీమలో రాయెక్కడిది? ఎంత తవ్వినా ఒండ్రే. 2024 ఎన్నికలకి లైసెన్సున్న మిగతావాళ్ళలాగే నేనూ తుపాకీని స్టేషన్లో అప్పగించాను. రసీదులో 'ఎస్‌బీఎంఎల్ - 1' అని రాసిచ్చారు, అంటే మూతి నుంచి మందు కూరే ఒంటి గొట్టపు తుపాకీ ఒకటి అని. జూన్‌లో తెచ్చుకుంటే గుర్రం నోరు ఖాళీ. "దుమ్ము దులుపుతుంటే ఏదో రాయి ఇరుక్కుని కనబడింది, తీసి పారేశాం. తుపాకీకి రాయెందుకండీ?" అన్నారు రైటరు గారు. కోపం రావలసింది, నవ్వొచ్చింది. అది మా తాతగారు బిగించిన రాయి. 1986 ఆగస్టు వరదలో తుపాకీ మూడు రోజులు నీళ్ళలో ఉండి గొట్టం నిండా ఒండ్రు పట్టినా, మా నాన్నగారు వేడినీళ్ళు పోసి కొబ్బరి పీచుతో తోముతుంటే కూడా, ఊడని రాయి.

ఇంకో రాయి కోసం మూడు నెలలు తిరిగాను. రైలు కంకర చెక్కి చూశాను, రవ్వ రాలలేదు. చివరికి మా వీధిలో ఇల్లు కడుతూ ర్యాంపు ఇసుక జల్లెడ పడుతుంటే తేనెరంగు గులకరాయి ఒకటి దొరికింది. ఎక్కడో ఎగువ నుంచి గోదారమ్మ దొర్లించుకొచ్చిన అగేటు అనే గట్టి రాయి. పగలగొడితే కత్తిలాంటి అంచు వచ్చింది. ఆ రాత్రి లైట్లార్పి, ఖాళీ తుపాకీయే, గుర్రం వదిలితే పది పదిహేను రవ్వలు నారింజ రంగులో రాలాయి. మనవడు మళ్ళీ మళ్ళీ అని గొడవ.

వేట మాట ఎవరూ అడగనక్కర్లేదు. కోతలయ్యాక ఉల్లంకి పిట్టల్ని, లంక మడుగుల్లో పరజల్ని కొట్టింది తాతగారి కాలం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణలతో అది పోయింది, పోవలసిందే. భోగినాడు ఉత్తి మందుతో ఒకసారి పేల్చేవారు. ఎదుటివాళ్ళకి ముప్పయ్యేలా వేడుకకి తుపాకీ పేల్చడం ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో నేరమయ్యాక అదీ లేదు. ఇప్పుడు నా పనల్లా నెలకోసారి కుట్టుమిషను నూనె రాయడం. కొబ్బరినూనె రాయకండి, చలికి పేరుకుంటుంది.

నా కోరిక పెద్దదేం కాదు. బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధానికి 1959 ఆయుధాల చట్టంలోనే మినహాయింపు ఉంది. అంటే చట్టం రాసినవాళ్ళకి ఆ తేడా తెలుసు. మీ పేజీలో మాత్రం పైపుముక్కా అదీ ఒకే గాటన కట్టేశారు. ఆ నాలుగోది పేలేదే అయినా సరే, కేసు తేలి దాన్ని పగలగొట్టేలోపు రాజమహేంద్రవరంలోని రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం వాళ్ళని పిలిచి ఒక్కసారి చూపించమని మీరు రాస్తే అధికారులు వింటారు. అప్పగించుకున్న పాత తుపాకులకి రసీదులో గొట్టం పొడవు, గుర్రం, రాయి ఉందో లేదో రాయడానికి రెండు లైన్లు చాలు.

పంచాయతీ ఎన్నికలొస్తే మళ్ళీ అప్పగించాలి. ఈసారి రాయి తీసి జేబులో వేసుకునే వెళతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పి.గన్నవరం మండలం, కోనసీమ.