లేక్ లానియర్‌లో పడవ ఎక్కే ముందు

అట్లాంటా

చిన్నా,

నీ వీసా స్టాంపింగ్ అయిపోయిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషంరా. నువ్వు దిగగానే లేబర్ డే సెలవులకి మీ సీనియర్లు లేక్ లానియర్‌లో పాంటూన్ బోటు (గాలి నిండిన రెండు లోహపు ట్యూబుల మీద చదునైన డెక్ ఉండే పడవ) బుక్ చేశారట కదా. వెళ్ళొద్దని రాయట్లేదు, హాయిగా వెళ్ళు. కానీ ఆ నీళ్ళ సంగతి నాకూ బావకీ బాగా తెలుసు. నువ్వు ఇంకా రాజమండ్రిలో ఉండగానే తీరిగ్గా చదువుతావని ఇప్పుడే రాస్తున్నా.

లానియర్ అంటే 1950ల్లో చటాహూచీ నదికి అడ్డంగా బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టినప్పుడు మునిగిన లోయ. సుమారు 38,000 ఎకరాల నీళ్ళు. గోదావరిలాగా వరద, సుళ్ళు ఉండవు కాబట్టి చూడ్డానికి నెమ్మదిగా కనిపిస్తుంది. అయితే సెలవు రోజు మధ్యాహ్నం అదే నీటి మీద పెద్ద క్రూయిజర్లు, కావాలనే అలలు లేపే వేక్ బోట్లు, నీటి మీద బైకుల్లాంటి జెట్ స్కీలు, తెడ్డుతో నడిపే కయాకులు, అప్పుడే మొదటిసారి స్టీరింగ్ పట్టిన అద్దె పాంటూన్లు అన్నీ కలిసి తిరుగుతాయి. లేన్లు ఉండవు, పడవకి బ్రేకులూ ఉండవు. అక్కడ ఎక్కువ భయం పక్క పడవ వల్లే.

ముందు వేక్ గురించి చెప్తా, అంటే పడవ వెనక లేచే అల. దానికి నడిపేవాడే జవాబుదారీ. "స్పీడు తగ్గించాం కదా" అనుకోవడంలోనే చాలామంది పప్పులో కాలేస్తారు. ఐడిల్‌లో, అంటే ఇంజను అతి తక్కువ వేగంలో ఉన్నప్పుడు, పడవ నీళ్ళలో చదునుగా కూర్చుని పోతుంది, వెనక నీళ్ళు పెద్దగా కదలవు. మంచి వేగం మీద ఉన్నప్పుడు నీటి పైకి లేచి జారుతుంది, అప్పుడూ అల ఓ మాదిరిదే. ఈ రెండిటికీ మధ్య ముక్కు పైకెత్తి, వెనక భాగం నీళ్ళలో దిగబడి, దున్నుకుంటూ పోయే దశ ఒకటుంది. అన్నిటికంటే పెద్ద అల అప్పుడే లేస్తుంది. వేగంగా వచ్చి నో-వేక్ బోయా (ఇక్కడ అల లేపకూడదని చెప్పే తేలే గుర్తు) దగ్గర త్రాటిల్ (ఇంజను వేగాన్ని పెంచి తగ్గించే మీట) సగానికి తగ్గించేవాడు సరిగ్గా ఆ దశలోకే దిగుతాడు. అల ఎత్తు రెండింతలైతే దాని శక్తి నాలుగింతలవుతుంది. ఆ దెబ్బకి డాక్‌కి, అంటే ఒడ్డున పడవలు ఆపే వేదికకి, కట్టిన పడవ తాళ్ళు తెగుతాయి, నిచ్చెన మీద ఉన్న మనిషి జారిపోతాడు, పడవకీ డాక్‌కీ మధ్య చెయ్యి పెట్టినవాడి వేళ్ళు నలిగిపోతాయి. కాబట్టి బోయాకి చాలా ముందే మెల్లమెల్లగా తగ్గించండి, ముక్కు పూర్తిగా కిందికి దిగేదాకా. ఒక్కసారిగా త్రాటిల్ మూసేస్తే మీ అలే తరుముకొచ్చి వెనక నుంచి పడవలోకి ఎక్కుతుంది. తగ్గించాక వెనక్కి తిరిగి చూడండి. నీళ్ళు ఇంకా దొర్లుతుంటే ఇంకా తగ్గించాలి.

లానియర్ ఉన్న జార్జియా రాష్ట్ర చట్టం ప్రకారం ఆగి ఉన్న పడవకి, డాక్‌కి, వంతెనకి, నీళ్ళలో ఉన్న మనిషికి 100 అడుగుల లోపల ఐడిల్ వేగమే. గంటకి 30 మైళ్ళ వేగంతో వెళ్ళే బోటు సెకనుకి 44 అడుగులు పోతుంది. అంటే ఆ 100 అడుగులు రెండు సెకన్ల పైచిలుకు. ఈతగాడి తల అలల మధ్య కొబ్బరికాయంత కనిపిస్తుంది, ఎండ ఎదురుగా ఉంటే అదీ కనపడదు. నన్నడిగితే 100 అడుగులు చాలా తక్కువ, మీరు 200 పాటించండి.

పాంటూన్ ముందు గేటు దాటి, కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి ఫొటోలు దిగుతారు చూశావా? దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండిరా. నడిపేవాడు త్రాటిల్ తగ్గించగానే ముందు భాగం కిందికి వాలుతుంది. అక్కడ కూర్చున్నవాడు ముందుకి జారి రెండు ట్యూబుల మధ్యకి పోతాడు. పడవ అతని మీదుగా సాగుతుంది, చివర్లో ప్రొపెల్లర్ ఉంటుంది. నడిపేవాడు చూసి ఆపేంత వ్యవధి ఉండదు. ఇంజను నడుస్తున్నంతసేపూ అందరూ రెయిలింగ్ లోపల, సీట్లలో ఉండాలి. అందరూ ముందుకి చేరినా ప్రమాదమే. పెద్ద అల వస్తే ముక్కు దాని కిందికి దూరి డెక్ మీదికి నీళ్ళు పోటెత్తుతాయి. అల కనపడగానే, అది చేరకముందే వేగం తగ్గించి, మనుషుల్ని కొంచెం వెనక్కి జరిపి, అలని కాస్త ఏటవాలుగా ఎదుర్కోవాలి. పక్కకి తగలనివ్వకూడదు. ముక్కు అల మీద ఉండగా త్రాటిల్ పూర్తిగా వదిలేస్తే ముక్కు మరింత మునుగుతుంది.

స్టీరింగ్ దగ్గర ఎర్ర స్ప్రింగు తాడు ఒకటుంటుంది, ఇంజను కటాఫ్ తాడు. నడిపేవాడు దాన్ని లైఫ్ జాకెట్‌కి తగిలించుకోవాలి. 26 అడుగుల లోపు బోట్లకి 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది ఫెడరల్ చట్టం. అది లేకుండా నడిపేవాడు నీళ్ళలో పడితే ఖాళీ పడవ ఆగదు. ప్రొపెల్లర్ తిరిగే తిప్పుడుకి స్టీరింగ్ ఒక పక్కకి లాగేసి, పడవ గుండ్రంగా తిరిగి పడినవాడి మీదికే వస్తుంది.

జెట్ స్కీ మోజు మీవాళ్ళకి ఎలాగూ ఉంటుంది. దాన్ని తిప్పేది వెనక నుంచి చిమ్మే నీళ్ళు. భయపడి త్రాటిల్ వదిలేస్తే ఆ చిమ్మడం ఆగిపోతుంది, హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిన్నగా పోయి గుద్దుతుంది. తప్పించుకోవాలంటే కొంచెం త్రాటిల్ ఇస్తూనే తిప్పాలి. ఈ ఒక్క ముక్క తెలియక ప్రాణాలు పోతాయి. ఇంకొకళ్ళ పడవ వెనక అలల మీద గెంతడం సరదా కాదు. ఆ పడవకి అవతల నుంచి ఏం వస్తోందో నీకు కనపడదు.

దారి ఇచ్చే పద్ధతి చిన్నదే. నీ కుడి పక్క నుంచి అడ్డంగా వచ్చే పడవకి నువ్వు దారి ఇవ్వాలి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి జరగాలి. దాటి వెళ్ళేవాడే తప్పుకుని వెళ్ళాలి. రాత్రి అడ్డంగా వచ్చే పడవది ఎర్ర దీపం కనిపిస్తే దారి ఇవ్వాల్సింది నువ్వు. తప్పుకునేటప్పుడు ముందుగానే, అవతలివాడికి స్పష్టంగా తెలిసేంత తప్పుకోవాలి. ఆఖరి నిమిషంలో కొంచెం కొంచెం తిప్పితే వాడికి నీ ఉద్దేశం అర్థం కాక వాడూ అటే తిప్పుతాడు. వరసగా ఐదు పొట్టి హారన్లు వినిపిస్తే "నువ్వేం చేస్తున్నావో అర్థం కావట్లేదు, ప్రమాదం" అని.

ఎవరైనా ఈతకి దిగితే ఇంజను న్యూట్రల్‌లో పెడితే చాలదు, తాళం తిప్పి ఆపేయాలి. అందరూ ఎక్కాక మనుషుల్ని లెక్కపెట్టి అప్పుడు స్టార్ట్ చెయ్యండి. నడుస్తున్న ఇంజను వెనకాల, ఈత ప్లాట్‌ఫామ్ దగ్గర ఎవరూ వేలాడకూడదు, కార్బన్ మోనాక్సైడ్ అక్కడే పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి, వాంతి వస్తే ఎండదెబ్బ అనుకుని ఊరుకుంటారు.

కోవ్‌లో, అంటే నీళ్ళు ఒడ్డు లోపలికి చొచ్చుకొచ్చిన చోట, లంగరు వేసేటప్పుడు లోతుకి ఏడింతల తాడు వదలాలి, 15 అడుగుల లోతుకి వంద అడుగుల పైన. గాలి మారితే పడవ ఆ తాడు పొడవునా లంగరు చుట్టూ తిరుగుతుంది కాబట్టి పక్కవాళ్ళకి అంత చోటు విడిచిపెట్టండి. నీటి మీద పాట చాలా దూరం పోతుంది, పక్క పడవలో పసిపిల్లలు నిద్రపోతుండొచ్చు.

ఇక మందు. 2012 వేసవిలో ఇదే లానియర్‌లో తాగి నడిపినవాడి బోటు పాంటూన్‌ని గుద్ది ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, చనిపోయారు. కొద్ది వారాలకే నీటి మీద తేలే గాలి ట్యూబ్ మీదున్న పదకొండేళ్ళ పిల్లాడు జెట్ స్కీ గుద్ది పోయాడు. ఆ తర్వాతే, 2013లో, జార్జియాలో పడవ నడిపేవాళ్ళకి రక్తంలో మద్యం పరిమితిని 0.10 శాతం నుంచి కారుకున్నట్టే 0.08 శాతానికి తగ్గించారు. 1998 జనవరి 1, ఆ తర్వాత పుట్టినవాళ్ళకి బోటింగ్ కోర్సు తప్పనిసరి చేశారు. అద్దెకి తీసుకునేవాళ్ళకి రేవులో చెప్పే వివరణతో సరిపెట్టుకునే వెసులుబాటు ఉంది. నువ్వు ఆ వెసులుబాటు వాడుకోకు. కోర్సు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, విమానం ఎక్కేలోపు పూర్తి చెయ్యి.

లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే చట్టానికి సరిపోతుందేమో, నాకు సరిపోదు. ఆ సరస్సులో ఒడ్డు నుంచి రెండడుగులు వేస్తే కాలు అందని చోట్లున్నాయి, అడుగున పాత చెట్ల మోడులున్నాయి. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగినప్పుడు ఏం జరిగిందో మనూళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. రేవులోనే నీ సైజుది తీసుకుని, బకిల్స్ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడు. చెవుల దాకా లేస్తే అది నీది కాదు.

ఆ రోజు రోజంతా తాగకుండా స్టీరింగ్ పట్టేది ఎవరో మీ సీనియర్లని అడిగి నాకు పేరు చెప్పు. ఎవరూ ముందుకి రాకపోతే బుకింగ్ రద్దు చేయించు, ఆ డబ్బులు నేనిస్తా. అమ్మ ఆవకాయ జాడీ సామాన్లలో పెడతానంటోంది, మూతకి టేపు గట్టిగా చుట్టమను.

మీ అక్క