శాలిహుండం, కళింగపట్నం యాత్ర: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుని లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

డిసెంబరు మూడో శనివారం 8, 9 తరగతుల పిల్లల్ని శాలిహుండం, ఆ తర్వాత కళింగపట్నం తీసుకెళ్తున్నాం. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం కూడా కలపమని కొందరు అడిగారు. 60 మంది బస్సు దిగి, లెక్క సరిచూసుకుని, మళ్లీ ఎక్కడానికి ప్రతి చోటా ఇరవై నిమిషాలు పోతాయి. అయిదు చోట్లు పెట్టుకుంటే చూసేది తక్కువ, ఎక్కి దిగేది ఎక్కువ. శ్రీముఖలింగం శిల్పాలకైతే ఒక పూటంతా కావాలి. అక్కడికి విడిగా వెళ్దాం.

శాలిహుండం శ్రీకాకుళానికి 18 కిలోమీటర్లు, గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న కొండ. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి గారే 1919లో ఇక్కడి బౌద్ధ శిథిలాలను గుర్తించారు. ఏటా ఆగస్టు 29న ఆయన గురించి ఉపన్యాసాలు చెప్పే పిల్లలకు ఈ సంగతి తెలియాలి. కొండ మీద ఇటుక స్తూపాలు, ఒక కొస గుండ్రంగా తిరిగిన గజపృష్ఠ చైత్యాల (బౌద్ధుల ప్రార్థనా మందిరాల) పునాదులు ఉన్నాయి. ఇక్కడ తారా, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు కూడా దొరికాయి. తొలినాళ్లలో పూజ స్తూపానికే, ఈ దేవతలు తర్వాతి కాలపు బౌద్ధ శాఖ అయిన వజ్రయానంతో వచ్చారు. ఈ తేడా పాఠంలో రెండు వాక్యాలు. కొండ మీద కళ్లెదుటే ఉంటుంది.

అయిదుగురికి ఒక కొలత టేపు ఇస్తాం. పాత ఇటుక పొడవు, వెడల్పు, మందం రాసుకుని, మన తొమ్మిది అంగుళాల ఇటుకతో పోల్చాలి. గోడ ఎక్కకూడదు, ముక్క కూడా జేబులో వేసుకోకూడదు. అంచు ఇటుక ఒకటి కదిలితే ఆ సందులో వాన నీరు దిగి పక్క వరస కూడా జారుతుంది. పైనుంచి నదిని, సముద్రం దిక్కును చూపించి, భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారని అడుగుతాం. వరదకు అందని ఎత్తు, దిగువన ఓడరేవు, దానమిచ్చే వర్తకులు: జవాబు వాళ్లే వెతకాలి.

మధ్యాహ్నం కళింగపట్నంలో సరుగుడు నీడన భోజనాలు, తర్వాత దీపస్తంభం, వంశధార సముద్రంలో కలిసే చోటు. నీళ్లలోకి ఎవరినీ దిగనివ్వం, పాదాలు తడుపుకోవడానికైనా సరే. నది మోసుకొచ్చే ఇసుక వల్ల సంగమం దగ్గర లోతు తరచూ మారిపోతుంది. మోకాలి లోతు అనుకున్నచోట ఒక్క అడుగుకే మనిషి మునగొచ్చు. వెనక్కి మళ్లే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చిన పిల్లలకే ధీమా ఎక్కువ, కాబట్టి వాళ్లకు ఇంట్లోనే గట్టిగా చెప్పండి.

బస్సు ఉదయం 6:30కి బయలుదేరుతుంది. గంట ముందు రెండు మూడు ఇడ్లీలు పెట్టండి. పూరీ, వడ వద్దు, ఖాళీ కడుపూ వద్దు: వాంతులకు రెండూ కారణాలే. ప్రయాణం పడని పిల్లల పేర్లు ముందే చెబితే ముందు సీట్లు ఇస్తాం. క్యారేజీలో పులిహోర మేలు, పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. అన్నం పూర్తిగా ఆరాకే మూత పెట్టండి. నీళ్లు లీటరున్నర, టోపీ, వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ బూట్లు గానీ తప్పనిసరి. హవాయి చెప్పులతో కొండ దిగేటప్పుడు కాలు జారుతుంది. ఓఆర్‌ఎస్ మేమే తెస్తాం. ఉబ్బసం, మూర్ఛ ఉన్న పిల్లల మందులు, వాడే మోతాదు చీటీపై రాసి, అనుమతి పత్రంతో పాటు బుధవారంలోగా క్లాస్ టీచరుకు ఇవ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు