ఐరోపాకు పచ్చళ్ల పార్సెళ్లు ఎందుకు ఆపుతున్నాం: మా ఖాతాదారులకు వివరణ

మా కొట్టును ఇన్నేళ్లుగా ఆదరిస్తున్న మీ అందరికీ నమస్కారం. ఈ ఉగాదికి, అంటే 2026 మార్చి 19కి అందేలా పంపేవే ఐర్లండ్‌కూ ఐరోపా సమాఖ్యలోని ఇతర దేశాలకూ మేము పంపే చివరి పార్సెళ్లు. ఆ తరువాత ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో ఉన్న మా దుకాణం నుంచి పచ్చళ్లు, పొడులు, పిండివంటలు ఉత్తర ఐర్లండ్‌తో సహా యునైటెడ్ కింగ్‌డమ్‌లోని చిరునామాలకు మాత్రమే వెళ్తాయి. డబ్లిన్, ఐండ్‌హోవెన్, మ్యూనిక్ నుంచి ఏళ్ల తరబడి ఆర్డర్లు పెడుతున్నవారికి రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవడం న్యాయం కాదనిపించి, కారణాలను ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

2014లో నేనూ మా వారూ ఈ కొట్టు తెరిచినప్పుడు డబ్లిన్‌కు పంపే ఆవకాయకూ బర్మింగ్‌హామ్‌కు పంపే ఆవకాయకూ తపాలా ఖర్చులో తప్ప తేడా ఉండేది కాదు. చిరునామా అంటించి పంపేవాళ్లం, అంతే. 2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది సమాఖ్య నుంచి వైదొలగాలని ఓటు వేశారు. 2020 జనవరి 31 రాత్రి బ్రిటన్ బయటకు వచ్చినా ఆ ఏడాది చివరి వరకూ పాత నియమాలే సాగాయి కనుక, మావంటి వారికి అసలు మార్పు తెలిసింది 2021 జనవరిలోనే. అంతకు వారం ముందు, డిసెంబరు 24న, వాణిజ్య ఒప్పందం కుదిరిందనీ సుంకాలు ఉండబోవనీ వార్తల్లో విని మేము ఊపిరి పీల్చుకున్నాం. సుంకం లేకపోవడం వేరు, సరిహద్దు లేకపోవడం వేరు అని తెలియడానికి మాకు మూడు నెలలు పట్టింది.

ఆ మార్చిలో డబ్లిన్‌లో ఉంటున్న ఒక అమ్మాయి అరకిలో గోంగూర పచ్చడి కావాలని అడిగింది. తొలిచూలు, ఏడో నెల, నోటికి ఇంకేమీ సహించడం లేదంది. గోంగూరతో పాటు పావుకిలో కందిపొడి, ఒక నెయ్యి సీసా మేమే పెట్టి పంపాం. ఇరవైమూడు రోజుల తరువాత ఆ పెట్టె మా గుమ్మానికే తిరిగి వచ్చింది. అట్టపెట్టె ఒక మూల నూనె ఊరి నల్లబడింది. పైన అంటించిన కస్టమ్స్ చీటీలో నా చేతిరాతతో "ఆహార పదార్థాలు" అన్న ఒక్క మాట, దాని మీద అడ్డంగా ఒక గీత ఉన్నాయి. అందులో నా తప్పు ఉంది. ఒక్కో వస్తువు పేరు, బరువు, వెల, కస్టమ్స్ సంకేత సంఖ్య, అది ఏ దేశంలో తయారైందన్న వివరం విడివిడిగా రాయాలని నేను తెలుసుకోలేదు. రెండో తప్పు నెయ్యి పెట్టడం. సమాఖ్య బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సొంత వాడకానికి కూడా తేకూడదన్న నియమం ఆ జనవరి నుంచే బ్రిటన్‌కు వర్తించింది. నెదర్లాండ్స్ రేవులో దిగిన లారీ డ్రైవర్ల దగ్గర హామ్ శాండ్‌విచ్‌లను అధికారులు తీసేసుకోవడం మేమూ టీవీలో చూశాం కానీ, అదే నియమం మన నెయ్యి సీసాకూ వర్తిస్తుందని తట్టలేదు. ఆ అమ్మాయి అడిగింది గోంగూర ఒక్కటే, ఆప్యాయత కొద్దీ మేము పెట్టిన నెయ్యి వల్ల అదీ అందకుండా పోయింది. ఆ సంగతి గుర్తుకు వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తరువాత ఐరోపా జాబితా నుంచి నెయ్యి, పాలకోవా, పూతరేకులు తీసేశాం. వాటిని సరుకుగా పంపాలంటే పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పచ్చి కరివేపాకుకైతే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. లారీ నిండా సరుకు పంపే పెద్ద సంస్థకు ఆ పత్రం ఖర్చు ఒక్కో సీసా మీద పైసల్లో పడుతుంది, ఒక్క పెట్టె పంపే మాకు సీసా వెలను మించిపోతుంది. 2021 జూలై 1న మరో మార్పు వచ్చింది. అంతవరకూ 22 యూరోల లోపు విలువైన పార్సెళ్లకు సమాఖ్యలో దిగుమతి వ్యాట్ ఉండేది కాదు, ఆ రోజు నుంచి ప్రతి పార్సెల్‌కూ కట్టవలసి వచ్చింది. అమ్మేవారే ముందుగా వసూలు చేసి కట్టే పద్ధతి ఒకటి ఉంది కానీ, దానికి మావంటి వారు సమాఖ్య లోపల ఒక ప్రతినిధిని పెట్టుకోవాలి, ఆ ప్రతినిధికి ఇచ్చే రుసుము ఐరోపా ఆర్డర్ల మీద మాకు మిగిలేదాని కంటే ఎక్కువ. అందుచేత మీలో చాలామంది గుమ్మం దగ్గర వ్యాటుతో పాటు కొరియర్ వారి నిర్వహణ రుసుమూ కట్టి పెట్టె తీసుకున్నారు. పచ్చడి వెలకు దాదాపు సమానమైన మొత్తాన్ని రుసుముల కింద కట్టిన తరువాత కూడా మళ్లీ ఆర్డరు పెట్టినవారికి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

సుంకాలు లేవన్న మాటలో ఉన్న మరో మెలికను కూడా చెప్పాలి. ఆ ఒప్పందం ప్రకారం సుంకం లేనిది బ్రిటన్‌లోనో సమాఖ్యలోనో తయారైన సరుకుకే. మేము ఇక్కడే కలిపే పొడులు ఒక ఎత్తు అయితే, గుంటూరు నుంచి తెప్పించి ఇక్కడ సీసాల్లోకి సర్ది అమ్మే పచ్చళ్లు మరొక ఎత్తు. సీసా మార్చినంత మాత్రాన అది బ్రిటన్ సరుకు కాదు. బ్రిటన్‌లో దిగినప్పుడు ఒకసారి దిగుమతి లెక్క తేల్చిన ఆ పచ్చడికే, 150 యూరోలు దాటిన ఆర్డరుగా నెదర్లాండ్స్‌లోని తెలుగు సంఘానికి వెళ్లేసరికి, మళ్లీ అక్కడ సుంకం పడింది. ఆ సంఘం వారు ఆ తరువాత ఉగాదికి నేరుగా హైదరాబాద్ నుంచే తెప్పించుకోవడం మొదలుపెట్టారు. వారి స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ ఖాతాదారులకు పంపడం ఆగదు. సరుకుల విషయంలో ఉత్తర ఐర్లండ్ ఇప్పటికీ సమాఖ్య నియమాలను చాలావరకు పాటిస్తుంది. దానికీ ఐర్లండ్ గణతంత్రానికీ నడుమ సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దులో ఎక్కడా తనిఖీ కేంద్రాలు ఉండకూడదన్నది 1998 శాంతి ఒప్పందం నాటి నుంచీ అందరూ కాపాడుకుంటూ వస్తున్న సంగతి. అందుకే తనిఖీలు బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లండ్‌కూ నడుమ ఉన్న ఐరిష్ సముద్రం మీదికి మారాయి. 2023 ఫిబ్రవరిలో బ్రిటన్‌కూ సమాఖ్యకూ మధ్య కుదిరిన విండ్సర్ ఒప్పందం వాటిని కొంత తేలిక చేసింది. బెల్‌ఫాస్ట్‌లోని బంధువుల చిరునామాకు పంపితే తామే డబ్లిన్ తీసుకువెళ్తామని కొందరు అడిగారు. ఆ తేలిక నియమాలన్నీ సరుకు ఉత్తర ఐర్లండ్‌లోనే ఉండిపోతుందన్న హామీ మీద నడుస్తున్నాయి. తెలిసి ఆ హామీని తప్పడం నాకు ఇష్టం లేదు, దయచేసి అన్యథా భావించకండి.

ఈ నిర్ణయానికి ముందు మా ఐరోపా చిరునామాల పుస్తకాన్ని ముందుపెట్టుకుని కూర్చున్నప్పుడు ఒక విషయం గమనించాను. అందులోని పేర్లలో ఎక్కువ భాగం ఒకప్పుడు ఈ ఊళ్లోనే చదువుకున్నవారివి, ఇక్కడి ప్రయోగశాలల్లో పనిచేసినవారివి. అంటే మేము పార్సెళ్లు పంపుతున్నది మా దగ్గర నుంచి వెళ్లిపోయినవారికే.

అందులో హనుమకొండ అబ్బాయి ఒకడున్నాడు. ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు, శనివారం సాయంత్రం కొట్టు మూసే వేళకు వచ్చి ఉలవచారు అడిగేవాడు. అతను పనిచేసే బృందానికి నాయకత్వం వహించే ఆచార్యురాలికి ఐరోపా పరిశోధన మండలి నిధి మంజూరైంది. హొరైజన్ యూరప్ అన్న సమాఖ్య పరిశోధన కార్యక్రమంలో ఆ మండలి ఒక భాగం. 2021 నుంచి 2027 వరకూ ఆ కార్యక్రమం మొత్తం నిధులు సుమారు 9,550 కోట్ల యూరోలు. అందులో బ్రిటన్ అనుబంధ సభ్యురాలిగా చేరుతుందని 2020 ఒప్పందంలోనే సూత్రప్రాయంగా అనుకున్నారు. కానీ ఉత్తర ఐర్లండ్ సరిహద్దు మీద వివాదం తెగక, ఆ చేరిక ఆగిపోయింది. సముద్రం మీద సాసేజీల తనిఖీకీ ప్రయోగశాలలో కణాల మీద పరిశోధనకూ ఏ సంబంధమూ లేకపోయినా ఒకదాని కోసం రెండోది ఆగింది. 2022లో బ్రిటన్‌లో ఉన్న విజేతలకు, సమాఖ్యలోనో ఆ కార్యక్రమపు అనుబంధ దేశంలోనో ఉన్న సంస్థకు మారితేనే నిధి దక్కుతుందని చెప్పారు. బ్రిటన్ ప్రభుత్వం సమానమైన నిధి ఇస్తామని హామీ ఇచ్చింది, చాలామంది దాన్ని తీసుకుని ఇక్కడే ఉండిపోయారు. ఆ ఆచార్యురాలు మాత్రం నెదర్లాండ్స్ వెళ్లిపోయారు, ఆమె వెంట మన హనుమకొండ అబ్బాయీ వెళ్లాడు.

2023 సెప్టెంబరు 7న రాజీ కుదిరి, 2024 జనవరి 1 నుంచి బ్రిటన్ మళ్లీ హొరైజన్‌లో చేరింది. అది మంచి పని, దాన్ని సాధించినవారిని మెచ్చుకోవాలి. అయితే ఆ అబ్బాయి భార్యకు అప్పటికే అక్కడ ఉద్యోగం దొరికింది, పాప డచ్ బడిలో చేరింది. మూడేళ్ల అనిశ్చితిలో వెళ్లినవారు అనిశ్చితి తొలగిందని తిరిగి రారు. దీన్ని నేను ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆహార, మొక్కల తనిఖీలను తగ్గించే ఒప్పందం చేసుకోవాలని 2025 మే 19న లండన్‌లో బ్రిటన్, సమాఖ్య నేతలు అంగీకరించారు కదా, అది వచ్చేవరకూ ఆగమని మీలో కొందరు సలహా ఇచ్చారు. ఆ ఒప్పందం అమలులోకి వస్తే తప్పకుండా మళ్లీ ఆలోచిస్తాను. కానీ ఐరోపాకు 2019లో వారానికి నలభై పార్సెళ్లు పంపిన మేము గత ఏడాది నెలకు ఆరేడు పంపాం. మీరు ఇప్పటికే పచ్చడికి వేరే దారి వెతుక్కున్నారు, అది సహజం.

విద్యార్థుల విషయంలో మా అనుభవం వేరుగా ఉంది. మా కొట్టులో జీతానికి చేరిన మొదటి మనిషి స్పెయిన్ నుంచి ఎరాస్మస్ అనే సమాఖ్య విద్యార్థి మార్పిడి పథకం కింద ఒక ఏడాది చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి. శనివారాలు పెట్టెలు సర్దేది, వెళ్లేనాటికి పప్పూ ఆవకాయా కలుపుకుని చేత్తో తినడం నేర్చుకుంది. 2021 నుంచి బ్రిటన్ ఎరాస్మస్‌ను వదిలి ట్యూరింగ్ పేరుతో సొంత పథకం పెట్టుకుంది. అది ఇక్కడి విద్యార్థులను బయటికి పంపుతుంది, బయటివారు ఇక్కడికి రావడానికి డబ్బు ఇవ్వదు. అదే ఏడాది నుంచి ఐరోపా విద్యార్థులు స్థానికుల ఫీజుకు బదులు విదేశీ ఫీజు కట్టవలసి రావడంతో, కొత్తగా చేరేవారి సంఖ్య ఒక్క ఏడాదిలోనే సగానికి పైగా పడిపోయింది. 2027లో తిరిగి ఎరాస్మస్‌లో చేరాలని గత డిసెంబరులో నిర్ణయించారు, ఆ వార్త చదివిన రోజున నాకు ఆ అమ్మాయే గుర్తుకు వచ్చింది.

ఆ ఖాళీ అయిన బల్లల మీద కూర్చున్నది చాలావరకు మన దేశపు పిల్లలే. చదువు పూర్తయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకునే వీసా 2021 జూలైలో తిరిగి రావడంతో, 2022లో విద్యార్థి వీసాల్లో భారతదేశం చైనాను దాటింది. గుంటూరు, విజయవాడ, కరీంనగర్ నుంచి వచ్చిన పిల్లలతో మా కొట్టు నిండింది. ఐరోపా పార్సెళ్లలో పోయినదాన్ని అంతకు మించి వారే నింపారు, ఆ మాట దాచడం తప్పు. అయితే 2024 జనవరి నుంచి మాస్టర్స్ చేసేవారిలో చాలామందికి భార్యనో భర్తనో తెచ్చుకునే వీలు లేకుండా చేశారు. ఆ మార్పు నాకు ముందుగా తెలిసింది బియ్యం బస్తాల్లో. ఇరవై కిలోల సోనా మసూరి బస్తాలు గోడకు పేరుకుపోయాయి, ఐదు కిలోల సంచులు వారం తిరిగేలోపు అయిపోయాయి. ఒంటరిగా వండుకునే పిల్లల కొనుగోలు అది. 2027 జనవరి నుంచి ఆ రెండేళ్ల వీసా కూడా పద్దెనిమిది నెలలకు తగ్గుతోంది. ఇవన్నీ సమాఖ్య నుంచి వైదొలగడం వల్లే వచ్చాయని నేను అనడం లేదు. కాని వలసలు తగ్గిస్తామన్న వాగ్దానం ఆ ఓటులో పెద్ద భాగం, ఐరోపా నుంచి రాకపోకలు ఆగిన తరువాత ఆ లెక్కల బరువంతా మన పిల్లల వీసాల మీద పడింది.

బడి పిల్లల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా వీధిలో ఉండే తెలుగు కుటుంబంలో పన్నెండేళ్ల బాబు తరగతితో కలిసి ఫ్రాన్స్ వెళ్లవలసి ఉంది. బ్రిటన్ సమాఖ్యలో ఉన్నప్పుడు బడి యాత్రలో వెళ్లే పిల్లలకు, వారిది ఏ దేశపు పాస్‌పోర్టు అయినా, బడి ఇచ్చే జాబితాలో పేరుంటే వేరే వీసా అవసరం ఉండేది కాదు. బ్రిటన్ వైదొలిగిన తరువాత, భారతీయ పాస్‌పోర్టు ఉన్న ఆ బాబుకు ఒక్కడికే షెంగెన్ వీసా కావలసి వచ్చింది. అపాయింట్‌మెంట్ యాత్ర తేదీలోపు దొరకలేదు. ఆ మూడు రోజులూ వాడు సాయంత్రాలు మా కొట్టుకు వచ్చి నాతో పాటు పొడుల సీసాలకు చీటీలు అంటించాడు.

ఇక ఆర్డర్ల సంగతి. ఐర్లండ్, ఐరోపా ఖాతాదారుల ఆర్డర్లను మార్చి 5 వరకూ తీసుకుంటాం. వాటిలో మేము ఇక్కడే కలిపే కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల కారం, వెల్లుల్లి కారం మాత్రమే ఉంటాయి, గుమ్మం దగ్గర మీరు కట్టవలసి వచ్చే రుసుమును ముందుగానే మీకు రాసి తెలియజేస్తాం. ఖాతాలో డబ్బు మిగిలి ఉన్నవారికి మార్చి నెలాఖరులోగా పూర్తిగా తిరిగి పంపుతాం, మీరు అడగనవసరం లేదు. కవెంట్రీలో చదువుతున్న పిల్లల కోసం ఐదు కిలోల బియ్యం సంచులు ఎక్కువగా తెప్పిస్తున్నాం, పచ్చళ్లను పావుకిలో సీసాల్లో కూడా పెడుతున్నాం. చిరునామాల పుస్తకాన్ని మాత్రం పారేయడం లేదు. ఎప్పుడైనా ఈ ఊరు వచ్చేవారు ఒక రోజు ముందు ఫోన్ చేస్తే, మీకు కావలసిన పచ్చడి తీసి ఉంచుతాను.