గాజు పక్కన కోత చెత్తనూ చూపండి

సంపాదకులకు నమస్కారం.

మ్యూజియాల్లో హరప్పా నాటి శంఖపు గాజుల కింద ‘గాజు, శంఖం’ అన్న చీటీ తప్ప మరేమీ కనిపించదు. సముద్రానికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న హరప్పాకు ఆ శంఖం ఎలా చేరిందో చెప్పగలిగే ముక్కలు మాత్రం గోదాముల్లో సంచుల పాలవుతున్నాయి.

అది మనం గుళ్లో ఊదే శంఖమే. ముందు మొన కొట్టేసి, లోపలి అడ్డగోడలు పగలగొట్టి, మెలితిరిగిన నడిమి కాడను లాగేస్తారు. ఆపైన పలుచని కంచు రంపంతో వలయాలు కోసి అరగదీస్తారు. చుట్లు తిరిగిన గుల్ల కాబట్టి వలయంలో ఒకచోట అతుకులాంటి వంకర మిగులుతుంది. పనివాళ్లు సరిగ్గా అక్కడే బాణం మొనలాంటి గాటు పెట్టారు. అతుకు లేని ఫయాన్స్ (మెరుగు పూత పూసి కాల్చిన, పింగాణీలాంటి పదార్థం) గాజుల మీద కూడా అదే గాటు కనిపిస్తుంది! శంఖపు గాజుకు ఎంత గిరాకీ ఉండేదో చూడండి.

గుజరాత్‌లోని నాగేశ్వర్‌లో 1983–84 తవ్వకాల్లో ఇలాంటి మొనలూ కాడల కోత చెత్త గుట్టలుగా బయటపడింది. అది తయారీ ఊరు. మొహెంజొదారోలోనూ అలాంటి చెత్త దొరికింది, అంటే అక్కడికి పచ్చి శంఖాలు కూడా వెళ్లాయి. మొనలూ కాడలూ లేకుండా వట్టి గాజులే దొరికితే తయారైన సరుకు కొన్నారనుకోవాలి. తవ్వినవాళ్లు గాజులు మాత్రమే ఏరుకుంటే ప్రతి ఊరూ కొన్న ఊరిలాగే కనబడుతుంది.

అందుకే మట్టిని సన్న జల్లెడ పట్టి, ప్రతి ముక్కనూ లెక్కపెట్టి, తూచి రాయాలి. కుండపెంకుల మీది సున్నపు పొర తీసే ఆమ్లం వీటికి తగలకూడదు. శంఖమూ సున్నపు పదార్థమే, రంపపు గీతలు కరిగిపోతాయి. ప్లైవుడ్ బీరువాలూ వద్దు. చెక్క వదిలే ఆమ్లపు ఆవిరికి గుల్ల మీద తెల్లటి పొడి పూస్తుంది. మరో పొరపాటు: కాలి బూడిదరంగు తేలిన శంఖాన్ని ఎముక అని రాసేయడం. ఏటి ఆల్చిప్పకు లోపల ముత్యపు మెరుపు ఉంటుంది, శంఖం పింగాణీలా తెల్లగా ఉంటుంది. ఈ తేడా తెలిసినవాళ్లే చీటీలు రాయాలి.

గాజు పక్కన ఒక మొన, ఒక కాడ, తీరాన్ని గుర్తించిన చిన్న పటం పెట్టడానికి కొత్త గ్యాలరీ అక్కర్లేదు.

— ఒక పాఠకుడు