తలుపున్న గది కావాలి

సంపాదకులకు,

టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగుకెళ్లే ఆడవాళ్ల మధ్య ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. రొమ్ములో గడ్డ తగిలినా ఎవరూ నోరు విప్పరు. సిగ్గు సరే, ‘మొత్తం కోసేస్తారంట’ అన్న భయం అంతకంటే పెద్దది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. రొమ్ము క్యాన్సర్ వస్తే అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ పద్ధతిలో రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా తీసేసేవారు. దశాబ్దాలపాటు అదే నడిచింది. దాన్ని నిలదీసినవాడు పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్. తోటి సర్జన్లు మండిపడ్డా వెనక్కి తగ్గలేదు. తొలిదశలో గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా రొమ్ము మొత్తం తీసేసినదానితో పోలిస్తే ప్రాణానికి తేడా లేదని 1985లో చూపించాడు. 2002లో వచ్చిన 20 ఏళ్ల ఫలితాలూ అదే చెప్పాయి. తన వృత్తివాళ్ల నమ్మకాన్నే లెక్క చెప్పమన్న ఆ మొండితనం నాకు నచ్చింది.

అయితే గడ్డ చిన్నగా ఉండగానే రావాలి. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు రొమ్ము పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. కానీ కర్టెన్ కూడా లేని వరండాలో జాకెట్టు ఎవరు విప్పుతారండీ? కూలి పోకుండా సాయంత్రం పూట, తలుపున్న గదిలో ఆ పరీక్ష జరిగేలా జిల్లా వైద్యాధికారులు చూడాలి.

– ఒక విశ్రాంత ఏఎన్ఎం, ప్రకాశం జిల్లా