మా ఇంటి కంప్యూటర్‌ను గడప దాటనివ్వండి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, రుణం దరఖాస్తు ఫారమూ, దాన్ని పంపే సైటూ మా ఇంటి కంప్యూటర్లో తెరుచుకోవడం లేదని సోమవారం అర్జీల్లో ఇప్పటికి మూడుసార్లు రాసిచ్చాను. మూడుసార్లూ రసీదు ఇచ్చారు. వారం పదిరోజులకు మీ అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజీ వచ్చింది. ఏం పరిష్కారమైందని అడగబోతే చెప్పే మనిషి లేడు. ఆ ఫారం ఇవాళ్టికీ అట్లాగే ఉంది. నా కాగితాలు మీదాకా రాలేదనే అనుకుంటున్నాను. అందుకే నలుగురూ చదివేచోట రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను, మన్నించండి.

మాది ప్రొద్దుటూరు. ఒక బట్టల అంగట్లో లెక్కలు రాస్తాను. నా భార్య పొదుపు సంఘంలోని తొమ్మిదిమందితో కలిసి నైటీలు, లంగాలు కుడుతుంది. కాలితో తొక్కే మిషన్లు తీసేసి మోటారు మిషన్లు తెచ్చుకోవాలని రుణానికి దరఖాస్తు పెట్టుకున్నారు. పథకం మీకు తెలిసిందే. మా కష్టమంతా ఆ దరఖాస్తు ఫారంతోనే మొదలైంది.

ఫారం దించుకుని ఇంట్లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. పైనుంచి కిందిదాకా డాలరు గుర్తులు, ప్లస్సులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు. మా పాప తొంగిచూసి "వైరస్ వచ్చిందా నాన్నా?" అంది. వైరస్ కాదు. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనపడే అక్షరాల పద్ధతి. అది వాడకుండా పాత డీటీపీ ఫాంటులో కొట్టిన ఫైలు ఇది. అట్లాంటి ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులే. వాటికి ఆ ఫాంటు తెలుగు బొమ్మలు తొడిగి చూపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో ఆ తొడుగు ఊడిపోతుంది. నా కంప్యూటర్లో విండోస్ లేదు, దాని బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఉంది. దానివల్లే ఇట్లా అయిందేమోనని పక్కింటి పిల్లోడి విండోస్ ల్యాప్‌టాప్‌లో కూడా వేసి చూశాను. అక్కడా ఇదే గజిబిజి. ఆ ఫాంటు డీటీపీ సెంటర్లో ఉంటుంది కానీ మామూలు సంసారాల్లో ఎక్కడుంటుంది అయ్యా?

సరే, ఒక మిత్రుడి దగ్గర ప్రింటు తీసుకుని, దాన్ని చూసి నేనూ నా భార్యా రెండు రాత్రులు కూర్చుని ఫారం మొత్తం మళ్లీ కొట్టాం. వర్డ్ లాగానే పనిచేసే ఉచిత లిబ్రే ఆఫీసులో, యూనికోడ్‌లో, పోతన ఫాంటుతో. పోతన, వేమన పేర్లతో ఉన్న ఫాంటులు లైనక్స్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. వేమన సమాధి కదిరి వైపు కటారుపల్లిలో ఉంది. ఒంటిమిట్ట వాళ్లయితే పోతన మావాడే అంటారు. మా సీమ కవుల పేర్లు పెట్టుకున్న అక్షరాలు ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో కనపడతాయి, మా ప్రభుత్వ ఫారంలో మాత్రం కనపడవు. ఇది నాకు నిజంగా బాధ.

పదిమంది పేర్లు, నెలనెలా కట్టిన పొదుపు, పాత అప్పు, మిషన్ల ధర అన్నీ గళ్లు గీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆఫీసుకు పోయాను. ఏ ఆఫీసో చెప్పను, అక్కడి ఉద్యోగి మీద చాడీలు చెప్పడానికి రాయడం లేదు. లిబ్రే ఆఫీసులో రాసిన ఫైలు పేరు చివర ఓడీటీ అని ఉంటుంది. ఆ ఉద్యోగి ఫైలు పేరు చూసి "ఏంది సార్ ఇది, ఓడీటీ అంటాంది? మాకు వర్డ్ ఫైలే కావాల. యాడన్నా నెట్ సెంటర్లో చేపిచ్చుకోని రాపోండి" అన్నాడు. వర్డ్‌లో కూడా ఇది తెరుచుకుంటుంది సార్, ఒక్కసారి నొక్కి చూడండి అని బతిమాలాను. "అయ్యన్నీ నాకు తెల్దు సార్, పైన ఒప్పుకోరు" అన్నాడు. ఆ పైన ఉన్నది చివరికి మీరే కదా అయ్యా.

ఇంటికొచ్చి వర్డ్ ఫైలుగా మార్చాను. ఈసారి సైటులో ఎక్కించమన్నారు. సైటు తెరిస్తే మీ సిస్టమ్‌లో ఇది పనిచేయదు, విండోస్ వాడండి అని ఎర్ర అక్షరాలు. రెండు పేజీల కాగితం పంపడానికి విండోస్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.

మా కంప్యూటర్ పనికిరానిదని అనుకోకండి. రెండేళ్ల కిందట కడపలో సెకండ్ హ్యాండ్ అంగట్లో 5,500కు కొన్నాను. ఏదో కంపెనీ వాడి తీసేసిన డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్. పాత హార్డ్ డిస్క్ కీచుమంటుంటే తీసేసి, దానికంటే వేగంగా పనిచేసే చిన్న ఎస్ఎస్‌డీ వేయించి, లైనక్స్‌లో పాత మెషీన్లకు సరిపోయే మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే రకం ఎక్కించాను. స్విచ్ వేస్తే నేను నీళ్లు తాగి వచ్చేలోపు సిద్ధంగా ఉంటుంది. సంఘం పద్దులన్నీ నా భార్య అందులోనే ఎక్సెల్ లాంటి క్యాల్క్‌లో రాస్తుంది. నెలాఖరున ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత బాకీ ఉందో ఆమెకు ఇప్పుడు వేళ్ల మీద లెక్క అక్కర్లేదు. పాప పిల్లల ప్రోగ్రామింగ్ స్క్రాచ్‌తో మొదలుపెట్టి ఇప్పుడు పైథాన్ నేర్చుకుంటోంది. మా అమ్మ పొద్దున్నే అన్నమయ్య కీర్తనలు పెట్టించుకుంటుంది. ఇదే మెషీన్‌కు విండోస్ 11 ఎక్కదు, దానికి కావలసిన టీపీఎం అనే భద్రతా చిప్ ఇందులో లేదు. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మింట్ 22కు మాత్రం 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇన్ని పనులు చేసే మెషీన్ మీ సైటుకు మాత్రం కంప్యూటరే కాదా?

గత్యంతరం లేక నెట్ సెంటర్‌కు పోయాం. టైపింగుకు, ఎక్కించడానికి కలిపి 250 తీసుకున్నాడు. ఆ కంప్యూటర్లో ఉన్న విండోస్ దొంగ కాపీ. యాక్టివేట్ చేయండని స్క్రీన్ మూలన దానంతట అదే చెబుతోంది. డబ్బు పెట్టి కొనలేక, దొంగతనం చేయడం ఇష్టంలేక, ధర్మంగా ఉచితంగా దొరికేది వాడుకునే నన్ను మీ సైటు వెనక్కి పంపింది. దొంగ కాపీని లోపలికి రానిచ్చింది. దీనికి ఎవరైనా నాకు సమాధానం చెప్పాలి.

ఇంకో సంగతి కూడా కళ్లారా చూశాను. మా కాగితాలు స్కాన్ చేసి పెట్టిన ఫోల్డర్లో అప్పటికే ఎవరెవరివో ఆధార్ కార్డులు, బ్యాంకు పాసు పుస్తకాలు. ఒక ఆడబిడ్డ ఫోటో, ఆమె ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, అన్నీ తెరిచి ఉన్నాయి. మా పదిమందివీ ఆ కుప్పలోనే చేరాయి. తీసేయమంటే "సాయంత్రం తీసేస్తాలే అన్నా" అన్నాడు. తీశాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఇంట్లో నుంచి పంపుకోగలిగి ఉంటే ఆ పది ఆధార్ కార్డులు మా గడప దాటేవి కావు.

అంతా అయ్యాక ఆ పిల్లోడి టైపింగులో ఒకరి ఇంటిపేరులో ఒత్తు పోయింది. ఆధార్‌తో సరిపోలేదని దరఖాస్తు తిప్పి పంపారు. మళ్లీ నెట్ సెంటర్, మళ్లీ డబ్బులు, సంతకాలకు పదిమందీ మళ్లీ ఒక పూట కుట్టుపని మానుకోవడం. పూట మానితే వాళ్లకు పోయే కూలి మీ ఫైల్లో ఏ గడిలోనూ ఉండదు.

నేను కొత్త చట్టం అడగడం లేదు. ఈ-గవర్నెన్స్‌లో ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌కూ కట్టుబడని ఓపెన్ స్టాండర్డ్స్ వాడాలని కేంద్రం 2010లోనే విధానం ప్రకటించింది. కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్‌కు మొగ్గు చూపాలని 2015లో మరో విధానం తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్లు బాస్ అనే లైనక్స్‌నే తయారుచేశారు. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఎన్నో ఏళ్లుగా లైనక్స్ మీదే నేర్చుకుంటున్నారు. అంత దూరం ఎందుకు, 'మన మిత్ర' అనే సేవ పెట్టి వాట్సాప్‌లోనే ఎన్నో పనులు జరిగేటట్లు మీరే చేశారు. అది బాగుంది, మా వీధిలో అందరూ వాడుతున్నారు. ఫోన్ ఏ కంపెనీదని అక్కడ ఎవరూ అడగరు. ఫారానికీ సైటుకూ అదే మర్యాద కావాలి.

ఫారాలన్నీ యూనికోడ్‌లో పెట్టించండి. ఓడీటీ ఇచ్చినా తీసుకోమని ఒక్క ఉత్తర్వు రాయించండి, ఆ ఉద్యోగి భయం కూడా పోతుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఉన్న ఏ కంప్యూటర్లోనైనా సైటు తెరుచుకునేటట్లు చేయండి. ఫారం ముందు చూడండి అయ్యా, మిగతావి తరువాతైనా సరే.

ఇంకొక్క మాట. ఒక ఆఫీసు వరండాలో టార్పాలిన్ కింద పాత సీపీయూలు, మానిటర్లు గుట్టగా పడి ఉన్నాయి. పోయిన వానాకాలం నుంచి చూస్తున్నాను. మా ఇంట్లోదానికంటే మంచివే ఉన్నాయి వాటిలో. తుక్కు కింద వేలం వేసేముందు ఒక పదింటిని శాఖా గ్రంథాలయాలకు ఇప్పించండి. ఆదివారాలు వచ్చి మింట్ నేనే ఎక్కించి ఇస్తాను, నాకు రూపాయి వద్దు. సంఘాల్లో పద్దులు రాసే ఆడవాళ్లకు క్యాల్క్ నేర్పడానికి నా భార్య వస్తానంది.

రుణం దరఖాస్తుకు ఈ నెలాఖరే గడువు. వచ్చే సోమవారం నాలుగోసారి అర్జీ పెడతాను. ఈసారి పెన్‌డ్రైవ్‌తో పాటు కంప్యూటర్ కూడా ఆటోలో వేసుకుని వస్తున్నాను. ఆ ఫారం అందరి ముందూ అక్కడే తెరిచి చూపిస్తాను. చూడడానికి ఒక్క అధికారిని పంపండి.

ఇట్లు,
ప్రొద్దుటూరు నుంచి ఒక గుమాస్తా