సగటు వానతో సెనక్కాయ పండదు

సంపాదకుల వారికి,

అయ్యా,

పది రోజుల కిందట మీ పత్రిక జిల్లా పేజీలో ‘అనంతలో సాధారణ వర్షపాతం’ అని నాలుగు కాలమ్‌ల శీర్షిక పెట్టి, కింద ఆరు లైన్ల వార్త వేశారు. అధికారుల ప్రకటన ఎలా వచ్చిందో అలాగే అచ్చేశారు. వెంటనే రాయాలనుకున్నాను. పొలంలో మిగిలిన సెనక్కాయ కట్టెనైనా, అంటే కాయ కోశాక మిగిలే వేరుశనగ చెట్లనైనా, పశువుల మేతకు వాము వేసుకుందామని ఆ పనిలో ఉండిపోయాను. ఆ కట్టె కూడా నల్లబడిపోయింది. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి రాస్తున్నాను.

‘సాధారణం’ అనే మాటకు వాతావరణ శాఖ అర్థం వేరు, మాకు తెలిసిన అర్థం వేరు. సగటు కంటే 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా వాళ్ల లెక్కలో సాధారణమే. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో 19 శాతం పోతే మిగిలేది 445. కోస్తాలో 100 మిల్లీమీటర్లు తగ్గితే కాలవ ఉంటుంది, చెరువు ఉంటుంది. మాకు ఉన్నదే ఆ కాస్త. నైరుతి మేఘాల్లో నీరు పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది. ఈశాన్యం వానలు మాదాకా వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. జూలైలో మబ్బులు పడమట నుంచి తూర్పుకు పరుగులు తీస్తుంటే మెడలు పైకెత్తి చూడటమే మా పని. ఆ గాలికి మరలు తిరిగి కరెంటు పుడుతోంది. అదే గాలి చేలో పదునును, అంటే నేల తడిని, రెండు రోజుల్లో లాగేస్తోంది.

ఈ ఏడాది మా చేలో జరిగింది చెబుతాను. ఆరుద్ర కార్తె చివర్లో మంచి పదును అయింది. ‘ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలూ కురుస్తాయి’ అన్న మాట నమ్మి ఇత్తనం వేశాం. మొలక బాగా వచ్చింది. పుష్యమిలో ఒక జల్లు పడింది. అంతే, ఆ తర్వాత 31 రోజులు చుక్క లేదు. ఆశ్లేష మొత్తం పోయింది, మఖ సగం దాటింది. వేరుశనగ ఇత్తనం వేసిన నలభై, నలభై అయిదు రోజులకు ఊడలు దిగుతాయి, అవి నేలలోకి దిగితేనే కాయలవుతాయి. అప్పుడు నేల మెత్తగా ఉండాలి. మాది ఎర్రనేల, జానెడు లోతులోనే రాయి తగులుతుంది. ఎండితే పైన పెచ్చు కట్టేస్తుంది. ఊడ కొన ఆ పెచ్చును తాకి అక్కడే మాడిపోయింది. చెట్టు పచ్చగానే ఉంది. దారిన పోయేవాళ్లు పంట బాగుందనుకున్నారు. పీకి చూస్తే చెట్టుకు మూడు కాయలు, అందులో ఒకటి లొట్ట.

ఉత్తర కార్తెలో మూడు రాత్రులు కుండపోతగా కురిసింది. చిత్తలో మళ్లీ వచ్చింది, అప్పటికి పీకిన కట్టె చేలోనే ఉంది. ఈ వానలన్నీ కలిపితే మీ ‘సాధారణం’ వచ్చింది. ఊడలు దిగేటప్పుడు రెండు తడులకు సరిపడా పడాల్సిన వాన, కాయ పీకేటప్పుడు పడితే దాన్ని ఏ ఖాతాలో జమ వేసుకోవాలి? సగటు లెక్కలో అది లాభం. మా ఇంట్లో రెండుసార్లు నష్టం: మొదట కాయ పోయింది, తర్వాత పశువుల మేత పోయింది.

మా నాయన చదివింది అయిదో తరగతి. ఆయన ముప్పై ఏళ్లు ఒక నోటుపుస్తకంలో వానలు రాసేవాడు. మిల్లీమీటర్లు ఆయనకు తెలియవు. ‘దుమ్మణిగింది’, ‘దుక్కి పదును’, ‘ఇత్తనం పదును’, ‘వంక పారింది’, ఇవీ ఆయన కొలతలు. పక్కన కార్తె పేరు, పాదం ఉండేవి. వాన లేని రోజులను కూడా గీతలు పెట్టి లెక్కపెట్టేవాడు. ఆ పుస్తకం తిరగేస్తే ఏ ఏడు పంట వచ్చింది, ఏ ఏడు బెంగళూరుకు వలస పోవాల్సి వచ్చింది అన్నది గీతలు చూసి చెప్పవచ్చు. ఇన్ని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టుకుని, సెల్‌ఫోన్లకు సందేశాలు పంపుకునే ప్రభుత్వానికి ఆ గీతల లెక్క ఎందుకు చేతకాదు?

చేతకాక కాదు. 2016 నాటి కేంద్ర కరవు మాన్యువల్‌లోనే వర్షపాతంతో పాటు వానల మధ్య వచ్చే బెట్టను, అంటే వాన లేని రోజులను, కూడా చూడాలని ఉంది. కానీ బెట్ట రోజులు బయటికి చెబితే కరవు మండలం అని ప్రకటించాల్సి వస్తుంది. సగటు చెబితే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నేను ఒక కార్యాలయానికి పంట నష్టం రాయించుకోవడానికి వెళితే, ‘మీ మండలంలో ఆ వారం వాన నమోదైంది’ అన్నారు.  వానమాపకం ఉన్నచోట పడింది నిజమే. మా ఊరు అక్కడికి పదకొండు కిలోమీటర్లు. గట్టుకు ఇవతల తడిసి అవతల ఎండిపోయే జిల్లా ఇది. ఈ మాట ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు తెలియకపోవడమే నాకు బాధ.

ఇదొక్కటే కాదు. రాయితీ ఇత్తనాలు అదును దాటాక వస్తాయి. ప్రత్యామ్నాయ పంటలంటూ ఉలవలు, కొర్రలు వేసుకోమని సెప్టెంబరులో సలహాలు ఇస్తారు, ఇత్తనాల కోసం వెళితే స్టాకు లేదంటారు. వాన వచ్చినప్పుడు పట్టుకోవడానికి విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువులున్నాయి. వాటిలో పూడిక తీసే దిక్కు లేదు, వంకలు ఆక్రమణల పాలయ్యాయి. 2022 అక్టోబరులో అనంతపురం కాలనీల్లో నడుముల్లోతు నీళ్లు నిలిచాయి. అంతకుముందు ఏడాది నవంబరులో చిత్రావతి వరదలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టరుతో తీయాల్సి వచ్చింది. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన మాకేనని పాఠాల్లో చదువుకున్న జిల్లాలో జరిగింది ఇది.

ఇక మీ పత్రిక సంగతి. నలభై ఏళ్లుగా మీ పాఠకుడిని. ఒకప్పుడు మీ విలేకరి చేలోకి దిగి, చెట్టు పీకి, కాయలు లెక్కపెట్టి రాసేవాడు. ఇప్పుడు పంపిన కాగితం పంపినట్టే పడుతోంది. ‘సాధారణం’ అనే ఆ ఒక్క శీర్షిక చూపించి రేపు మాకు పంట నష్టానికి ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ లేదంటే, ఆ పాపంలో పత్రికకు కూడా భాగం ఉంటుంది. కోపంతోనే రాస్తున్నాను, కానీ ఇది బెదిరింపు కాదు. చదివే పత్రిక మీదే కాబట్టి మీకే చెబుతున్నాను.

ఒక పని చేయండి. జిల్లా పేజీలో బంగారం ధర వేసే చోట ప్రతిరోజూ చిన్న పట్టిక వేయండి. మండలం పేరు, చివరిసారి వాన పడిన తేదీ, అప్పటినుంచి ఎన్ని రోజులైంది. రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడింది వాన కింద లెక్కవేయకండి, వాతావరణ శాఖ కూడా దాన్ని వాన రోజు అనదు. ఉమ్మడి జిల్లా 2022లో రెండు ముక్కలైంది కాబట్టి, శ్రీ సత్యసాయి జిల్లా మండలాలు కూడా అందులో ఉండాలి. ఈ వివరాలన్నీ అధికారుల కంప్యూటర్లలో ఉన్నాయి, అడిగితే ఇస్తారు. ఇవ్వకపోతే ఇవ్వలేదని రాయండి. వచ్చే మృగశిర నాటికి మొదలుపెడితే మాకు పనికొస్తుంది.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు,
కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా